ఓట్స్‌ను అంబలి చేసుకుని తాగుదాం
(ఒక పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం వార్షిక మహాజన సభలో సహకార శాఖ ఇన్‌స్పెక్టర్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

ఆడిట్ నివేదిక చదవడం అయింది. బోనస్ ఎంతో తెలిసిపోయింది. బోనస్ తెలిసిన తరువాత ఇన్‌స్పెక్టర్ మాట వినడానికి ఎవరూ కూర్చోరని నా ముప్పై ఏళ్ల అనుభవం. అయినా మీరు కూర్చున్నారు. అధ్యక్షులవారు నన్ను నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. డిప్లొమా చదివి లెక్కలు చూసే ఉద్యోగంలో చేరినవాణ్ణి, మంచి మాటలు నా దగ్గర తక్కువ. అందుచేత ఒక తిండి సంగతి చెప్పి దిగిపోతాను. ఆ తిండి ఓట్స్. దాన్ని పాయసంలాగా తియ్యగా కాకుండా, అంబలిలాగా ఉప్పూ మజ్జిగా వేసి తినడం గురించి చెబుతాను.

ఇన్‌స్పెక్టర్‌కు వంట సంగతి ఎందుకని మీకు అనిపించవచ్చు. కారణం ఉంది. పక్క మండలంలో ఒక సంఘానికి చాలా ఏళ్లు అధ్యక్షుడిగా చేసిన పెద్దమనిషి ఉన్నారు. పేరు చెప్పను. నిక్కచ్చి మనిషి. పాలల్లో నీళ్లు కలిపాడని సొంత తమ్ముడి పాలే వెనక్కి పంపించారు. ఆయనకు సుగరు వచ్చింది. పొద్దుటిపూట అన్నం తగ్గించి ఓట్స్ తినమని డాక్టరు చెప్పారు. ఇంట్లోవాళ్లు పట్నం నుంచి డబ్బా తెచ్చారు. డబ్బా మీద బొమ్మలో గిన్నె నిండా పాలు, వాటి మీద అరటిపండు ముక్కలు, పైనుంచి తేనె ధార. కోడలు పిల్ల బుద్ధిమంతురాలు, బొమ్మలో ఉన్నట్టే చేసిపెట్టింది. గేదె పాలు అర లీటరు, గుప్పెడు ఓట్స్, అందులో బెల్లం. "డాక్టరుగారు చక్కెర వద్దన్నారు గదా మామయ్యా, అందుకని బెల్లమే వేశాను" అన్నదట.

బెల్లంలో ఉన్నదీ చాలా భాగం చక్కెరే. రంగు మారినంత మాత్రాన రక్తంలో దాని పని మారదు. ఈ సంగతి ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఆయన ఏడాది పాటు దాన్ని మందుగా తాగారు. మందు తాగుతున్నాను గదా అనే ధైర్యంతో రాత్రిపూట మాత్ర కూడా మానేశారు. కాలి బొటనవేలికి చిన్న పుండు లేచింది. చెప్పు కరిచిందనుకున్నారు. చివరకు వేలు తీసేయవలసి వచ్చింది. చూడడానికి వెళ్తే నాతో అన్న మాట ఇది: "రోజూ పాయసం తాగానండీ ఇన్‌స్పెక్టర్‌గారూ, మందనుకుని."

పాయసం వల్లనే వేలు పోయిందని నేను అనడం లేదు. మాత్ర మానడం ఉంది, పుండును పట్టించుకోకపోవడం ఉంది. అయితే లెక్క కట్టేటప్పుడు పాయసం వాటా కూడా రాయవలసిందే.

నా సంగతీ చెబుతాను. నాకూ సుగరు ఉంది. ఆయన కథ తెలుసు కాబట్టి మా ఇంట్లో బెల్లం వేయనివ్వలేదు. ఓట్స్‌ను పాలల్లో ఉడికించి చప్పగా పెట్టింది మా ఇంటావిడ. నిజం చెబుతున్నాను, అది మనిషి తినేది కాదు. జిగురుగా, ముద్దగా, తెలగపిండి నానబెట్టినట్టు ఉంటుంది. నాలుగు రోజులు మింగాను. అయిదో రోజు డబ్బా అటకెక్కింది. తీపికి తయారైన తిండిలోంచి తీపి తీసేస్తే మిగిలేది శిక్షే. ఆ శిక్ష ఎవరూ ఎక్కువ కాలం అనుభవించరు. అయితే మానేస్తారు, లేకపోతే మళ్లీ బెల్లం వేసుకుంటారు.

దారి చూపించింది ఒక అవ్వ. పశ్చిమ ప్రకాశం మెట్ట పల్లెల్లో ఒక సంఘం తనిఖీకి వెళ్లాను. ఏప్రిల్ నెల, ఒంటిగంట ఎండ. లెక్కలు అయ్యేసరికి కళ్లు తిరిగినట్టయింది. సెక్రటరీగారి అవ్వ నన్ను చూసి, "నాయనా, మొహం పీక్కుపోయింది, ఇది తాగు" అని సత్తు చెంబుతో జొన్న అంబలి ఇచ్చింది. అందులో పుల్లటి మజ్జిగ, రాతి ఉప్పు. నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. తాగేసరికి ప్రాణం లేచి వచ్చింది. మాటల్లో నా సుగరూ, నా ఓట్స్ బాధా చెప్పాను. అవ్వకు ఓట్స్ తెలియదు. "ఓట్లా? ఓట్లు వేస్తారు గానీ తింటారా నాయనా?" అంది. సంఘం ఎన్నికలు దగ్గరపడ్డ రోజులు, అందరూ నవ్వారు. అదీ జొన్నల్లాంటి ఒక గింజేనని చెప్పాను. "గింజైతే మరి పాలల్లో ఎందుకు ఉడికించటం? నూక చేసి మజ్జిగ పోసుకోరాదూ?" అంది.

పెద్ద చదువులు చదివిన డాక్టరు చెప్పలేదు, డబ్బా మీద రాయలేదు. అంబలి కాచే మనిషికి ఒక్క నిమిషంలో తోచింది.

ఇంటికి వచ్చాక అసలు ఈ ఓట్స్ ఎవరి తిండి, వాళ్లు ఎలా తింటారు అని ఆరా తీశాను. మా అబ్బాయి ఫోనులో వెతికిపెట్టాడు, నేను రాసుకున్నాను. మీలో పశుగ్రాసం శిక్షణకు వెళ్లినవాళ్లకు ఓట్స్ పేరు మేతగానే తెలిసి ఉంటుంది. ఉత్తరాదిన శీతాకాలంలో పచ్చిమేత కోసం దీన్ని వేస్తారు. కెంట్ అనే రకం ఎన్నో ఏళ్లుగా అక్కడ పేరుపొందింది. మన గేదెలకు జొన్న చొప్ప ఎలాగో, అక్కడ బర్రెలకు ఓట్స్ అలాగ. పశువుల మేత మనిషికేమిటని ఎవరికైనా అనిపిస్తే, ఆ మాట అన్నవారిలో మీరు మొదటివారు కారు. శామ్యూల్ జాన్సన్ అనే ఇంగ్లీషు పండితుడు 1755లో ఒక నిఘంటువు వేశాడు. ఇంగ్లండులో గుర్రాలకు పెట్టే ఈ గింజ స్కాట్లాండులో మనుషులను పోషిస్తుందని అందులో ఎత్తిపొడుస్తూ రాశాడు. అందుకేనయ్యా మీకు మంచి గుర్రాలూ, మాకు మంచి మనుషులూ అని స్కాట్లాండువారు బదులు చెప్పారని చెప్పుకుంటారు.

స్కాట్లాండు చలి దేశం. గోధుమ బాగా పండని చల్లని తడి నేలలు ఎక్కువ. ఓట్స్ అక్కడ తట్టుకుని పండుతుంది. మన మెట్టకు జొన్న, సజ్జ ఎలాగో వాళ్లకు అది అలాగ. వాళ్లు జావ కాచే పాత పద్ధతిలో ఉండేవి మూడే: ఓట్స్ రవ్వ, నీళ్లు, ఉప్పు. చక్కెర లేదు. పాలల్లో ఉడికించడం కూడా లేదు. పాలు పక్కన వేరే గిన్నెలో చల్లగా పెట్టుకుంటారు. వేడి జావ చెంచాతో తీసి, ఆ పాలల్లో ముంచి తింటారు. కలియబెట్టడానికి స్పర్టిల్ అనే గుండ్రటి కర్ర ఉంటుంది. మన సంకటి తెడ్డుకు తమ్ముడనుకోండి. కార్‌బ్రిడ్జ్ అనే పల్లెలో 1994 నుంచి జావ కాచే ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి. గెలిచినవాళ్లకు బంగారు స్పర్టిల్ పేరుతో బహుమతి ఇస్తారు. ఆ ముఖ్య పోటీలో ఈనాటికీ ఓట్స్, నీళ్లు, ఉప్పు తప్ప మరొకటి వేయకూడదు.

ఇంకొక సంగతి నన్ను బాగా ఆశ్చర్యపరచింది. ఓట్స్ దంచగా వచ్చిన పొట్టును, దానికి అంటుకున్న పిండితో సహా వాళ్లు నీళ్లల్లో కొన్ని రోజులు నానబెట్టి పులియబెట్టేవారు. పైన తేరిన పుల్లని నీళ్లు తాగేవారు. అడుగున దిగిన పిండిని ఉప్పు వేసి జావ కాచుకునేవారు. దాని పేరు సోవన్స్. చదువుతుంటే మా అమ్మమ్మ ఇంటి కుండే కళ్ల ముందు కదిలింది. ఉల్లిపాయలు కొవ్వులో వేయించి ఓట్స్ రవ్వ పోసి పొడిగా చేసుకునే వంటకం కూడా వాళ్లకు ఉంది, స్కర్లీ అంటారు. అది ఉప్మా కాకపోతే మరేమిటి?

మరి తీపి ఎక్కడ నుంచి వచ్చింది? గింజను ఆవిరి పట్టి, రోలర్ల కింద అటుకుల్లాగా నొక్కి, డబ్బాల్లో పెట్టి అమ్మడం అమెరికాలో పెద్ద వ్యాపారమయింది. క్వేకర్ అనే పేరు 1877లో అక్కడ రిజిస్టరు అయింది. పొద్దున్నే పాలు, చక్కెర పోసుకుని తినడం అక్కడ అలవాటుగా స్థిరపడింది. ఆ డబ్బాతో పాటు ఆ అలవాటు కూడా మన ఊరికి దిగింది. డబ్బా మీది బొమ్మ ఒక దేశపు అలవాటు మాత్రమే. డాక్టరు చీటీకీ దానికీ సంబంధం లేదు.

ఇప్పుడు ఎలా చేసుకోవాలో చెబుతాను. ఆడవాళ్లు నవ్వకూడదు, మూడేళ్లుగా ఇది నేనే చేసుకుంటున్నాను.

ఒక మనిషికి చిన్న టీ గ్లాసుడు ఓట్స్, అంటే సుమారు 40 గ్రాములు. ముందుగా నూనె లేకుండా బాణలిలో సన్నని సెగ మీద వేయించాలి. కమ్మని వాసన రావాలి, రంగు మారకూడదు. ఇది మానితే జిగురు ఎక్కువవుతుంది, జిగురు ఎక్కువైతే మీరు నన్ను తిట్టుకుంటారు. అదే గ్లాసుతో మూడు గ్లాసుల నీళ్లు మరగనిచ్చి, ఓట్స్ పోసి, అడుగంటకుండా తిప్పుతూ అయిదారు నిమిషాలు ఉడికించండి. దింపి పూర్తిగా చల్లారనివ్వండి. ఈ మాట రెండుసార్లు చెబుతున్నాను: పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద మజ్జిగ పోస్తే విరిగిపోతుంది, ఆ సంగతి మీకు చెప్పవలసిన పని లేదు. చల్లారాక పెద్ద గ్లాసుడు మజ్జిగ పోసి, కొద్దిగా ఉప్పు, నలిపిన జీలకర్ర, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కరివేపాకు వేసి కలుపుకోండి. వెన్న తీసిన మజ్జిగైతే సుగరు ఉన్నవారికి, గుండె జబ్బు ఉన్నవారికి మరీ మంచిది. నంజుకోవడానికి పచ్చిమిరపకాయ చాలు. చల్లమిరపకాయ వేయించుకుంటే రుచే వేరు గానీ దానిలో ఉప్పు చాలా ఉంటుంది, అది పండక్కి పెట్టుకోండి.

మజ్జిగ పడనివారు ఉప్మా చేసుకోవచ్చు. పెసరపప్పు, మిరియాలు వేసి పొంగలిలాగా చేసుకోవచ్చు. గింజ ఒకటే, తాలింపు ఎవరిష్టం వారిది.

దీనివల్ల వచ్చే మేలు ఎంతో అంతే చెబుతాను. ఉడికించినప్పుడు కనిపించే ఆ జిగురే ఓట్స్‌లోని అసలు గుణం. దాని పేరు బీటా గ్లూకాన్, అది ఒక రకం పీచు. రోజుకు 3 గ్రాములు లోపలికి వెళితే రక్తంలో చెడు కొలెస్టరాల్ కొంత తగ్గుతుందని తేలింది. ఆ మాట ప్యాకెట్ల మీద వేసుకోవడానికి అమెరికా ప్రభుత్వ సంస్థ 1997లో అనుమతి ఇచ్చింది. మనం వేసుకునే 40 గ్రాములలో ఉండేది అందులో సగం. తిన్నది నెమ్మదిగా అరిగేలా కూడా అది చేస్తుంది, కాబట్టి సుగరు ఒక్కసారిగా ఎగబాకదు. అయితే ఓట్స్ కూడా గింజే. అందులో మూడింట రెండు వంతులు పిండి పదార్థమే. రెండు గ్లాసులు తిని, పైన నాలుగు ఇడ్లీలు తింటే ఏ బీటా గ్లూకానూ ఆదుకోదు. మరీ పొడిగా కొట్టి రెండు నిమిషాల్లో అయ్యేట్టు అమ్మే రకం కంటే లావు అటుకులు మెరుగు. మసాలా కలిపి అమ్మే చిన్న ప్యాకెట్లుంటాయి. అవి కూడా ఉప్పగానే ఉంటాయి గదా అనవచ్చు. కొనే ముందు వెనకవైపు సోడియం ఎంత ఉందో చదవండి. చూపు ఆనకపోతే మనవడితో చదివించండి.

ఉప్పు గురించి ఒక హెచ్చరిక. తీపి తీసేశాం గదా అని ఉప్పు గుమ్మరించకండి. మనిషికి రోజు మొత్తం మీద 5 గ్రాముల లోపే ఉప్పు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 5 గ్రాములంటే ఒక చిన్న చెంచా. అందులోనే కూర, పచ్చడి, అన్నీ. రక్తపోటు ఉన్నవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి మజ్జిగ ఎంతో, ఉప్పు ఎంతో తెలుసుకోండి. మాత్రలు మాత్రం ఎవరూ సొంతంగా ఆపవద్దు. నేను ఆపలేదు. ఈ అంబలితో పాటు మాత్ర వేసుకుంటూ, సాయంత్రం నడుస్తూ ఉన్నాను. నా సుగరు పూర్తిగా పోలేదు, అదుపులో ఉంది. ఇందులో అంబలి వాటా ఎంత, మాత్ర వాటా ఎంత అని విడగొట్టి చూపించే లెక్క నా దగ్గర లేదు.

ఓట్స్ కొనే స్తోమత లేనివారు దిగులుపడనక్కర లేదు. మా పట్నం అంగట్లో కిలో ఓట్స్ ధరకు రాగులు మూడు కిలోలకు తక్కువ రావు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నం ఉంటుంది, ఏ ఇతర ధాన్యంలోనూ అంత లేదు. జొన్నలు మీ పొలంలోనే పండుతాయి. కొలెస్టరాల్‌కు పనికివచ్చే ఆ జిగురు పీచు ఓట్స్‌కూ బార్లీకీ ప్రత్యేకమన్నది నిజం. తక్కిన విషయాల్లో మన గింజలు దేనికీ తీసిపోవు. 2023 సంవత్సరాన్ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఆ ఏడాది సభల్లో రాగి లడ్డూ, రాగి కేకు పంచిపెట్టారు. మళ్లీ తీపే! ఒక చెంబు అంబలి ఇచ్చిన సభ నేనైతే చూడలేదు.

ఇక చివరి సంగతి, ఇది మళ్లీ నా లెక్కల్లోకే వస్తుంది. మజ్జిగ పోసుకోమని చెప్పాను గదా, మజ్జిగ ఏది? ఈ మధ్య ఒక సంఘంలో పాసుపుస్తకాలు సరిచూస్తుంటే ఒక సభ్యురాలి పుస్తకం కనిపించింది. నెల మొత్తం రెండు పూటలా ఒక్క పూట తప్పకుండా, పది మిల్లీలీటర్లు అటూఇటూ కాకుండా పాలు పోసింది. సభ్యులంటే ఇలా ఉండాలని మెచ్చుకుని, ఆ వీధిన పోతూ వాళ్ల ఇంటి ముందు ఆగాను. దాహంగా ఉందమ్మా, కొంచెం మజ్జిగ ఉంటే ఇవ్వమన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. లోపలికి పోయి కొడుకు చేతిలో పది రూపాయలు పెట్టి దుకాణానికి పంపింది. వాడు మజ్జిగ ప్యాకెట్ తెచ్చాడు. కొట్టంలో రెండు గేదెలు నెమరు వేస్తున్నాయి.

ఆ ప్యాకెట్ తాగడానికి నాకు గొంతు దిగలేదు. ఆమె తప్పేమీ లేదు. దాణా బకాయి ఉంది, పిల్లల ఫీజు ఉంది, అంతా పాలబిల్లు మీదే గడవాలి. పాలు ఎక్కువ పోయండని ఇంతకాలం మీకు చెప్పినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇంటికి ఎంత ఉంచుకున్నారని ఎప్పుడూ అడగలేదు. మా తనిఖీ ఫారంలో ఆ గడి లేదు.

ఒక లెక్క చూడండి. లీటరుకు 60 రూపాయలు వస్తుందనుకుందాం. పావు లీటరు ఇంట్లో ఉంచితే రోజుకు 15 రూపాయలు, నెలకు 450 రూపాయలు పాలబిల్లులో తగ్గుతాయి. తక్కువ మొత్తమని నేను అనను. ఆ పావు లీటరు తోడుపెట్టి చిలికితే నలుగురికి నాలుగు గ్లాసుల మజ్జిగ. దుకాణంలో కొంటే ఆ నలుగురికీ రోజుకు 40 రూపాయలు. కొనకుండా మానేస్తే పిల్లలు ఏం తాగుతున్నారో, పొద్దున్నే ఏ బిస్కెట్టు నములుతున్నారో మీకు తెలుసు. పెద్దవాళ్ల సుగరు మాత్రల ఖర్చు ఈ లెక్కలో నేను వేయలేదు. ఒప్పుకుంటారో లేదో ఇంటికి పోయి మీరు మీరే తేల్చుకోండి. పాలు తగ్గాయని సెక్రటరీగారు నన్ను కోప్పడితే పడతాను.

సభ ముగిశాక ఎవరూ వెళ్లిపోకండి. వెనుక వేపచెట్టు కింద రెండు కుండలు పెట్టించాము. ఎడమవైపుది ఓట్స్, కుడివైపుది జొన్న. రెంటిలోనూ ఈ సంఘం పాలతో తోడుపెట్టిన మజ్జిగే. ఉప్పు తక్కువే వేశారు, కావలసినవాళ్లు అడగండి. తియ్యగా కావాలని మాత్రం అడగకండి, బెల్లం తేలేదు. గ్లాసులు ఇరవయ్యే ఉన్నాయి, తాగినవాళ్లు కడిగి పక్కవారికి అందించండి. ఆ పాల ఖరీదు నా పేరున రసీదు రాయించి సొమ్ము కట్టాను, వచ్చే ఆడిట్‌లో ఆ ఖర్చు మీద నేనే అభ్యంతరం రాయవలసి రాకుండా.